నీలం తాడు ఇవతల

“ఆ సోఫా అక్కణ్ణించి కదిలిస్తే ఊరుకోను,” అంది యోలాండా వంటింట్లోంచి.

అప్పటికే కదిలించేశారు. టీవీవాళ్లు నలుగురు వచ్చారు. ఇద్దరు సోఫాను కిటికీ దగ్గరికి జరిపారు. ఒకడు గోడ మీది పెళ్లిఫోటో తీసి, అదే మేకుకు జార్విస్ హైస్కూలు ఫోటో తగిలించాడు. వెలుతురు అక్కడ బాగా పడుతుందట.

“కాసేపే కదా, యోలా,” అన్నాడు లామార్ వంటింటి గుమ్మంలో నిలబడి. “పోయేటప్పుడు మళ్లీ సర్దేస్తారు.”

“వాడు ఆ సోఫాలోనే పడుకునేవాడు. కాళ్లు పట్టక దాని చేతి మీద వేసేవాడు. అక్కడ గుంట పడింది. నా కొడుకు కాళ్లు పెట్టుకున్న చోటు ఊరందరికీ చూపించక్కర్లేదు.”

లామార్ ఆమె భర్త, జార్విస్ తండ్రి. హాలిస్ ఫెర్రీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటల్ని ఇరవై రెండేళ్లుగా రేడియోలో చెబుతున్న మనిషి. అలబామాలో మా వైపు మూడు జిల్లాల్లో ఆ గొంతు తెలియని ఇల్లు లేదు. సొంత వంటింట్లో మాత్రం మూడు వారాలుగా అది పెగలడం లేదు.

అతనికో అలవాటుంది. ఆటలో ఏ పిల్లాడైనా పడి లేవకపోతే స్కోరు, డాక్టరు, అన్నీ తర్వాత. ముందు ఆ పిల్లాడి తల్లిని పేరు పెట్టి పిలుస్తాడు. “వింటున్నారా అమ్మా? మీవాడు కాళ్లు కదుపుతున్నాడు. కంగారుపడకండి,” అంటాడు. మా ఊళ్లో తల్లులు ఆటకోసం కాదు, ఆ మాటకోసం రేడియో పెట్టుకుంటారు.

జార్విస్ పడింది ఆటలో కాదు. ఆగస్టు ఎండలో, ప్రాక్టీసులో. ప్రాక్టీసును రేడియోలో చెప్పరు.

ఈ మూడు వారాల్లో పేపర్లూ టీవీలూ వాణ్ణి ఎక్కడికెక్కించాయో చూడాలి. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. రెండేళ్లు బెంచీ మీద కూర్చున్న పిల్లాడు ఇప్పుడు ‘జట్టు గుండెకాయ’ అయ్యాడు. అందరి హెల్మెట్ల మీదా వాడి అరవై నాలుగో నంబరు అంటించారు. కోచ్ బ్రానమ్ కళ్లద్దాలు తీసి కన్నీళ్లు తుడుచుకోవడం ఒక్క వారంలోనే నాలుగుసార్లు చూపించారు. అంబులెన్సును ఎన్నింటికి పిలిచారని మాత్రం ఒక్కరూ రాయలేదు. రాసే ప్రతివాడి మెడలోనూ మైదానంలోకి వెళ్లడానికి కాలేజీ ఇచ్చిన కార్డు వేలాడుతుంటుంది మరి.

ముందుగదిలో లామార్ తల్లి మిస్ అర్లీన్ కెమెరావాళ్లకు కేకు ముక్కలు పంచుతోంది. ఆమెకు ఎనభై ఒకటి; మా వైపు పెద్దావిణ్ణి ‘మిస్’ అనే పిలుస్తారు. చావింటికని చర్చివాళ్లు వండి తెచ్చిన రేకు పళ్లేలు ఫ్రిజ్‌లో చోటులేక బల్ల మీదికెక్కాయి. ఎవరో ఒకరు తిని ఖాళీ చెయ్యాలి.

“తిను బాబూ, మొహమాటపడకు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. నువ్వు కనీసం కేకు అడగలేదు, నేనే పెడుతున్నా.”

ఆ కెమెరామన్ నవ్వాలో వద్దో తెలియక నోటినిండా కుక్కుకున్నాడు.

వాళ్లకు పెద్ద మాలరీ అనే అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయేమో. మర్యాద తెలిసినదే, గొంతు ఎప్పుడూ తగ్గించే మాట్లాడుతుంది. జార్విస్ ఆట చొక్కాను ఇస్త్రీబల్ల మీద పరిచి వంటింట్లోకి తొంగిచూసింది.

“మిసెస్ పెట్‌వే, మీరు ఈ చొక్కా ఇస్త్రీ చేస్తుంటే తీద్దామనుకుంటున్నాం. శనివారం పొద్దున ఒక తల్లి చేసే పని.”

“అది ఇస్త్రీ చెయ్యకూడదమ్మాయ్,” అంది మిస్ అర్లీన్. “అంకెలు కరిగి ఇస్త్రీపెట్టెకి అంటుకుపోతాయి. ఈ ఊళ్లో ఏ తల్లీ చెయ్యదు.”

“చేస్తున్నట్టు చాలండి.”

“చల్లటి పెట్టెతోనా?”

“అవునండి.”

మిస్ అర్లీన్ కోడలి వైపు చూసింది. యోలాండా చేతులు తుడుచుకుని లేచి, వెళ్లి సోఫాలో కూర్చుంది. సరిగ్గా ఆ గుంట కనపడకుండా కూర్చుంది.

“అడుగు, ఏమడుగుతావో.”

దీపాలు వేశారు. మాలరీ కెమెరా పక్కన స్టూలు మీద కూర్చుంది.

“జార్విస్ ఇప్పుడుంటే, శనివారం ఆటకి ముందు జట్టుతో ఏమని చెప్పేవాడంటారు?”

“మంచినీళ్లు ఇమ్మనేవాడు.”

మాలరీ కాగితం తిరగేసింది.

“నేను పాతికేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్నాను,” అంది యోలాండా. “ఒక పిల్ల తూలితే బస్సు ఆపేస్తాను. అది రూలు. మీ ఆటకీ ఒక రూలుందిట. ఎండదెబ్బ తగిలిన పిల్లాణ్ణి వెంటనే ముంచడానికి మంచునీళ్ల తొట్టి మైదానం పక్కనే ఉండాలిట. ఆ తొట్టి ఎక్కడుంది? అంబులెన్స్‌ని ఎన్నింటికి పిలిచారు? నా కొడుకు ఆస్పత్రికి చేరింది పదకొండింటికి ఐదు నిమిషాల ముందు. ప్రాక్టీసు తొమ్మిదింటికి. మధ్యలో ఏమైందో అది అడుగు.”

“మాది ఆటల విభాగమండీ. ఇది ఆరు నిమిషాల కథ, ఆట మొదలయ్యే ముందు వేస్తారు. ఇలాంటివి వార్తలవాళ్లు చూడాలి.”

“వార్తలవాళ్లనీ అడిగాను. అది ఆటల విభాగం అన్నారు.”

మాలరీ తల దించుకుంది. చెడ్డపిల్ల కాదు, అదే వచ్చిన చిక్కు. తల్లిని ఎలాగైనా కాస్త కరిగించాలని ఒళ్లోని లాప్‌టాప్ తెరిచి ఇటు తిప్పింది.

“మీకొకటి చూపిస్తాను. ఆ రోజు పొద్దున కాలేజీవాళ్ల కెమెరా తీసింది. ఏమీ జరగకముందుదే. తండ్రీకొడుకులిద్దరూ ఒకే బొమ్మలో ఉన్నారు. ఇలాంటిది దొరకడం చాలా అరుదండి.”

“ఇప్పుడొద్దు,” అన్నాడు లామార్.

అతని గొంతు విని యోలాండా తలెత్తింది. తర్వాత తెర వైపు చూసింది.

ఎర్రటి ఎండ. పిల్లలు ఒక గీత నుంచి ఇంకో గీతకు పరుగెడుతున్నారు. అరవై నాలుగు అందరికన్నా వెనక ఉన్నాడు. గీత దగ్గర ఆగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు. వాడి వెనక, పత్రికలవాళ్లు నిలబడడానికి కట్టిన నీలం తాడు. తాడు అవతల ఒక్కడే మనిషి. గడ్డి టోపీ, చేతిలో రికార్డరు. ఆ టోపీ ఈస్టర్‌కి యోలాండాయే కొనిచ్చింది.

తెర మూలన తెల్లటి అంకెలున్నాయి.

“ఆ అంకెలేమిటి బాబూ?” అని కెమెరామన్ని అడిగింది.

“టైమండి. తొమ్మిది యాభై రెండు.”

యోలాండా లేచి, తనే దీపం తీగ గోడలోంచి లాగేసింది.

“మాలరీ, మీవాళ్లని తీసుకుని వరండాలో కూచో. అత్తయ్యా, వాళ్లకి టీ ఇవ్వండి.”

*

తలుపు వేసుకున్న చప్పుడు అయింది. వరండాలో మిస్ అర్లీన్ గ్లాసుల్లో ఐసుముక్కలు వేస్తున్న శబ్దం లోపలికి వినిపిస్తోంది.

“రేడియో స్టేషన్లో ఉన్నానన్నావు,” అంది యోలాండా. “ఆస్పత్రి నుంచి ఫోనొస్తే పరిగెత్తానన్నావు.”

లామార్ ఇస్త్రీబల్ల మీది చొక్కాను మడతపెడుతున్నాడు.

“అది కింద పెట్టు.”

పెట్టాడు.

“ఎంతసేపు నిలబడ్డావు అక్కడ?”

“యోలా…”

“వాడు పడ్డాక ఎంతసేపు నిలబడ్డావు?”

“పద్దెనిమిది నిమిషాలు.”

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది.

“తాడు ఉంది,” అన్నాడు లామార్. “ప్రాక్టీసులో అది దాటకూడదు. కోచ్ చెయ్యెత్తి పిలిస్తేనే లోపలికెళ్లాలి. ఇరవై రెండేళ్లుగా అంతే.”

“నడుమెత్తు కూడా ఉండదు ఆ తాడు. నేను చూశాను.”

“నాకు తెలుసు.”

“నువ్వు రేడియోవాడివా, వాడి నాన్నవా?”

“మొదటేడు వాడి మడమ మెలికపడినప్పుడు దాటాను. గుర్తుందా? పరిగెత్తి వెళ్లి బూటుకూడా నేనే విప్పాను. ఆ తర్వాత జట్టంతా వాణ్ణి ‘రేడియో పాపాయి’ అని నెల్లాళ్లు ఏడిపించారు. బట్టలు మార్చుకునే గదిలో వాడి అర మీద పాలసీసా వేలాడదీశారు. ఇంటికొచ్చి ఆ సోఫాలోనే కూర్చుని నాతో మాట తీసుకున్నాడు. ‘నాన్నా, ఇంకెప్పుడూ తాడు దాటి రాకు. నా కాలు విరిగినా రాకు’ అన్నాడు.”

“వాడికి పద్దెనిమిదేళ్లు అప్పుడు.”

“అవును.”

“పద్దెనిమిదేళ్లవాడి మాట పట్టుకుని నిలబడ్డావా?”

“లేస్తాడనుకున్నాను. కాళ్లు కదుపుతున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను, కాళ్లు కదుపుతున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లో తల్లులందరికీ అదే కదా చెప్పాను, కాళ్లు కదిపితే భయం లేదని. పది పన్నెండుకి కదపడం ఆపేశాడు. అప్పుడు దాటాను.”

అంతవరకూ ఏడవని మనిషి అక్కడ ఏడ్చాడు. యోలాండా దగ్గరికి వెళ్లలేదు. ఆమెను తప్పుపట్టేవాళ్లుంటే ముందు ఆ సోఫాలో గుంట పక్కన కూర్చుని చూడాలి.

కొంతసేపటికి అతను జేబులోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి మడతపెట్టిన కాగితం. యోలాండా విప్పి చదివింది. శనివారం ఆట మొదలవగానే జట్టు పదకొండుమందికి బదులు పదిమందితో నిలబడుతుంది. జార్విస్ చోటు ఖాళీగా ఉంచుతారు. ఆ క్షణంలో లామార్ రేడియోలో చదవాల్సిన నాలుగు వాక్యాలు కాలేజీ రాసిచ్చింది. ‘హఠాత్తుగా కుప్పకూలాడు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారు. ఎవరూ చేయగలిగింది ఏమీ లేకపోయింది. దేవుడు తన జట్టులోకి పిలుచుకున్నాడు.’

“ఇది నువ్వు చదువుతావా?”

“నాకు తెలీదు.”

రెండోది అతని రికార్డరు.

“ఆ రోజు ఇది చేతిలో తిరుగుతూనే ఉంది. కోచ్ మాటలు, అన్నీ ఇందులో ఉంటాయి. నేను ఇంతవరకూ వినలేదు. కాలేజీకి దీని సంగతి తెలీదు.”

యోలాండా దాన్ని బిస్కట్ల డబ్బాలో వేసి మూతపెట్టింది.

“శనివారం ఆ కాగితం చదివితే ఈ గుమ్మం తొక్కకు, లామార్. స్టేషన్లోనే పడుకో.”

టీవీవాళ్లు ఇంకో గంటకు వెళ్లిపోయారు. సోఫా సర్దలేదు.

*

శనివారం ఆట పదకొండింటికి. ఊరు ఊరంతా కాలేజీ మైదానం దగ్గరే ఉంది. మా వీధిదాకా కాల్చిన మాంసం పొగ వాసన వస్తోంది. మైదానం అంచున యోలాండాకోసం పూలు చుట్టిన కుర్చీ వేశారు. ఆమె ఇంట్లో వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా మిస్ అర్లీన్, బల్ల మీద రేడియో, పక్కగదిలో మూగగా టీవీ. మా ఊళ్లో ఆట చూసే పద్ధతే అది. బొమ్మ టీవీది, మాట లామార్‌ది. మాట ముందొస్తుంది, బొమ్మ పది సెకన్లు వెనకబడుతుంది.

మాలరీ ఆరు నిమిషాల కథ వేశారు. జార్విస్ చిన్నప్పటి ఫోటోలు, కోచ్ కన్నీళ్లు, నీలం తాడు దగ్గర గడ్డి టోపీ. చివర ముడతలుపడిన రెండు చేతులు అరవై నాలుగో నంబరు చొక్కాను మెల్లగా ఇస్త్రీ చేస్తున్నాయి. కింద ‘ఒక తల్లి’ అని రాశారు.

“అవి మీ చేతులు,” అంది యోలాండా.

“ఆ పిల్ల వరండాలో బతిమాలింది. ఉత్తచేతులతో వెళ్తే ఉద్యోగం ఉండదేమోనని భయపడింది.” మిస్ అర్లీన్ చేతులు ఒళ్లో దాచుకుంది. “పెట్టె చల్లటిదేలే.”

రేడియోలో బ్యాండు ఆగింది. లామార్ గొంతు వచ్చింది.

“మనవాళ్లు వరసకట్టారు. పదిమంది. ఎడమపక్క ఒక చోటు ఖాళీ.”

తర్వాత ఏమీ లేదు. రేడియోలో మౌనం ఎంత చిన్నదైనా మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు. రిఫరీ విజిల్ వినిపించింది. మనవాళ్లు ఆట మొదలెట్టకుండా నిలబడినందుకు పడాల్సిన ఆలస్యపు శిక్షను అవతలి జట్టు గౌరవంగా వద్దంది. జనం లేచి చప్పట్లు కొట్టారు. అవి కూడా సద్దుమణిగాయి.

“చదువుతాడు,” అంది యోలాండా.

“ఆగు,” అంది మిస్ అర్లీన్.

“నా చేతిలో ఒక కాగితం ఉంది,” అన్నాడు లామార్. “కాలేజీ ఇచ్చింది. దాన్ని పక్కన పెడుతున్నాను. యోలాండా, వింటున్నావా?”

యోలాండా రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

“ఇది నేను మూడు వారాల కిందట నీకు చెప్పాల్సింది. ఆగస్టు పన్నెండు, ఉదయం తొమ్మిది యాభై నాలుగు. అరవై నాలుగు మోకాళ్ల మీద పడ్డాడు. లేచాడు. నాలుగడుగులు వేసి మళ్లీ పడ్డాడు. కాళ్లు కదుపుతున్నాడు, యోలా. దగ్గరికి ఎవరూ రాలేదు. మిగతావాళ్లు పక్కనుంచి పరుగెడుతున్నారు. తొమ్మిది యాభై తొమ్మిది. కాళ్లు కదుపుతున్నాడు. నీళ్ల బండి నీడలో ఉంది, దాని దగ్గర ఎవరూ లేరు. మంచుతొట్టి ఉండాల్సిన చోట లేదు. నేను తాడు ఇవతల ఉన్నాను. పది గంటల ఐదు. కోచ్ వాడి దగ్గరికొచ్చి నిలబడి, ఏమన్నాడంటే…”

టైర్ల దుకాణం ప్రకటన మొదలైంది. హుషారైన పాట, నాలుగు టైర్లకు ఒకటి ఉచితం.

పాట అయిపోయాక ఇంకెవరిదో గొంతు వచ్చింది. మనవాళ్లు మూడు గజాలు ముందుకెళ్లారని చెప్పింది.

పక్కగదిలో టీవీ అప్పటికి రేడియోగది అద్దం చూపిస్తోంది. లామార్ నిలబడి ఉన్నాడు. ఎవరో అతని భుజం పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. కింద అక్షరాలు నడుస్తున్నాయి. ‘కొడుకు తలపుతో మాట పెగలని తండ్రి.’

“ఏమన్నాడు?” అంది మిస్ అర్లీన్. “ఆ కోచ్ ఏమన్నాడు అమ్మాయ్?”

యోలాండా లేచి బిస్కట్ల డబ్బా దించింది. రెండురోజులుగా దాని మూత తీసే ధైర్యం రాలేదు. ఇప్పుడు వచ్చిందని కాదు, ఇంకో దారి లేదు. రికార్డరు బల్ల మీద పెట్టి మీట నొక్కింది. విజిళ్లు, పరుగులు, ఎవరో లెక్కపెడుతున్న కేకలు. ముందుకు జరిపింది.

దూరంగా కోచ్ బ్రానమ్ గొంతు స్పష్టంగా వినిపించింది.

“వదిలెయ్యండి వాణ్ణి. నటిస్తున్నాడు. నీళ్లు కావాలంటే లేచి వచ్చి తాగుతాడు. ఎవరూ ముట్టుకోవద్దు.”

మిస్ అర్లీన్ కళ్లు మూసుకుంది.

దాని తర్వాత ఇంకో గొంతు వచ్చింది. అది దూరంగా లేదు, రికార్డరు పట్టుకున్న చేతికి ఆనుకుని ఉంది. మూడు జిల్లాలకు తెలిసిన గొంతు, గుసగుసగా.

“లే నాన్నా. లే. అందరూ చూస్తున్నారు, పరువు తియ్యకు. లే.”

యోలాండా ఆపేసింది. అతనికి ఈ మాట గుర్తులేదు. ఉంటే రికార్డరు ఇచ్చేవాడు కాడు. ఇచ్చేవాడేమో కూడా. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి గురించి ఆ సంగతి తనకు తెలియదని ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఫోను మోగింది. మాలరీ. ఈసారి గొంతు తగ్గించలేదు, వెనక జనం హోరు.

“మిసెస్ పెట్‌వే, ఆయన్ని గదిలోంచి బయటికి తీసుకెళ్లారు. దుఃఖంతో మతిచలించి మాట్లాడారని కాలేజీ ఇప్పుడే చెప్పింది. నేను మావాళ్లతో పోట్లాడాను. మధ్య విరామంలో రెండు నిమిషాలిస్తామన్నారు, దేశమంతా చూస్తుంది. కానీ ఆధారం కావాలంటున్నారు. ఏదైనా ఉందా మీ దగ్గర? ముక్కలు కాదు, మొత్తం కావాలి. కోసిచ్చారంటే అబద్ధమంటారు.”

యోలాండా రికార్డరు వైపు చూసింది. తర్వాత బల్ల అవతల కూర్చున్న ముసలామె వైపు చూసింది.

“ఎవరు?” అంది మిస్ అర్లీన్.

“ఆ పిల్లే. ఇది అడుగుతోంది. కోచ్ మాటా, లామార్ మాటా, మొత్తం.”

మిస్ అర్లీన్ చల్లటి పెట్టె పట్టిన చేతుల్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చూసుకుంది.

“వాడు నా కొడుకు, యోలాండా,” అంది.

“వాడు నా కొడుకు, అత్తయ్యా,” అంది యోలాండా.

ఫోనులో మాలరీ ఇంకా అడుగుతూనే ఉంది, వింటున్నారా అని.